ఒటీలియా కడిగిన గోడ

ఒటీలియా బరాగన్‌ను మా వీధిలో అందరూ టీలా అనేవారు. నా కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఒడిలో పట్టుకున్నది ఆమే. ఆ వరసతో మేమిద్దరం వదినా అంటే వదినా అనుకునేవాళ్లం. వాళ్ల నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడు. తూర్పు లాస్ ఏంజెలస్‌లో మాంసం కొట్ల మీద మూకుడులో కూర్చుని నవ్వే పందులన్నీ ఆయన వేసినవే. ఆయన ఎక్కే నిచ్చెన కింద రంగులు కలుపుతూనే టీలా పెరిగింది. బడిలో స్పానిష్ మాట్లాడిందని టీచరమ్మ సబ్బుతో నోరు కడిగితే, ఇంటికొచ్చి పెరటి గోడ మీద బొగ్గుతో ఆవిడ బొమ్మ వేసింది, గాడిద చెవులు తగిలించి. పక్కిళ్లవాళ్లంతా వచ్చి చూసి నవ్వి వెళ్లారు. చిన్నప్పటినుంచీ టీలా కోపం అలాగే ఉండేది. నోట మాట రాదు, చెయ్యి ఊరుకోదు.

డెబ్బైల్లో మా వాడలో గోడలన్నీ బొమ్మలైపోయాయి. కుర్రాళ్లు రంగు డబ్బాలు మోసుకుంటూ కనబడ్డ గోడనల్లా అడిగేవాళ్లు. మొక్కజొన్న దేవతలు, గుర్రాల మీద తిరుగుబాటుదార్లు, రెక్కలున్న పాములు. టీలా మాత్రం రొట్టెల దుకాణం పక్క గోడ అడిగి తీసుకుని, దాని మీద పళ్ల డబ్బాల ఫ్యాక్టరీ ఆడవాళ్లను నిలబెట్టింది. ఆ ఫ్యాక్టరీలో పీచ్ పళ్ల తోలు ఊడడానికి కాస్టిక్ నీళ్లలో ముంచేవారు. పళ్లతో పాటు చేతుల తోలూ ఊడేది. ఒక వేసవిలో ఆ ఆడవాళ్లంతా పని ఆపేసి గేటు ముందు కూర్చున్నారు. పోలీసులు కొట్టినా లేవలేదు. టీలా అమ్మ ఎంకార్నసియోన్ అప్పుడు ముందు వరసలో ఉంది. గోడ మీదా ముందు వరసలోనే నిలబడింది, పొక్కిన అరచేతులు వీధికి చూపిస్తూ. ఆమె భుజం పక్కన భుజం, మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే రొసాల్వాది.

ఆ రొసాల్వా కొడుకే ఎవారిస్తో కిరోగ, చిన్నప్పుడు మా అందరికీ ఎవా. మా కళ్ల ముందు చెప్పుల్లేకుండా తిరిగినవాడు ఇళ్లు కొని అమ్మే వ్యాపారంలో దిగి పెద్దవాడయ్యాడు. రొట్టెలాయన పోయాక ఆయన భార్య దగ్గర ఆ భవనం కూడా కొన్నాడు.

ఎంకార్నసియోన్ చనిపోయింది. సమాధుల నుంచి తిరిగొస్తుంటే టీలా కారు ఆపమంది. అమ్మను ఒకసారి గోడ మీద చూసుకుని ఇంటికెళదామని. దిగి చూస్తే గోడ తెల్లగా ఉంది. తడి ఇంకా ఆరలేదు. నిచ్చెన మీద ఒకడు బీరు సీసా బొమ్మకు కొలతలు తీస్తున్నాడు. ఎవారిస్తో నల్ల కళ్లద్దాలు తీసి ఎదురొచ్చాడు.

"అయ్యో అక్కా, అమ్మ పోయిందట కదా! ఇప్పుడే తెలిసింది నాకు."

"గోడేదిరా?"

"రంగంతా పెచ్చులూడుతోందక్కా. అయినా ఇప్పుడెవరు చూస్తున్నారు చెప్పు?"

"మీ అమ్మ కూడా ఉంది కదరా దాని మీద."

"మా అమ్మ ఇంట్లో ఉందిగా, కుర్చీలో!" అని నవ్వాడు.

టీలా ఆ నవ్వు వైపు చూసింది, వచ్చి కార్లో కూర్చుంది. కోర్టుకు వెళ్లమని అందరం చెప్పాం. "కోర్టు వాడి చేత డబ్బులిప్పిస్తుంది వదినా. వాడికి అది నొప్పి కాదు" అంది. ఆ తర్వాత వాడి పేరు ఎత్తలేదు. వీధిలో ఎదురైతే పలకరించింది కూడా. వాడు మర్చిపోయిందనుకున్నాడు. నిజానికి నేనూ అలాగే అనుకున్నాను.

కొన్నేళ్లకు ఎవారిస్తో నగర మండలి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఎదుటి అభ్యర్థి ప్రతి మీటింగులోనూ ఒకటే మాట: వీడు మన వాడను అమ్ముకు తిన్నాడు. దానికి మందు కావాలి. టీలా దగ్గరికొచ్చాడు.

"ఆ గోడ మళ్లీ నీదే అక్కా. బీరు బొమ్మ తీయించేస్తా. మన జనం, మధ్యలో నేను. నీ చేత్తో వేస్తే ఆ అందమే వేరు."

నేను టీలా వంటింట్లో బీన్స్ ఏరుతున్నాను. తలుపు మొహాన వేస్తుందనుకున్నాను. టీలా మాత్రం, "మీసం ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అంది.

వాడి మొహం వెలిగిపోయింది. "ఉంచక్కా!"

"అయితే ఒక మాట. పని సగంలో ఉండగా ఎవడూ పరదా ఎత్తి చూడకూడదు. నువ్వు కూడా."

వాడు సరేనన్నాడు. నాకు ఒళ్లు మండి నెల రోజులు టీలాతో మాట్లాడలేదు. కోపం కాస్త తగ్గాక ఒకరోజు అన్నం డబ్బా ఇవ్వడానికి పరదా లోపలికి దూరి ఆగిపోయాను. గోడ నిండా ఫ్యాక్టరీ ఆడవాళ్లే. ఎంకార్నసియోన్, రొసాల్వా, అందరూ, మునుపటికంటే పెద్దగా, ఎండకూ వానకూ చెక్కుచెదరని రంగుల్లో. దాని మీద వార్నిష్ పూత తళతళలాడుతోంది. కింద పిల్లలు బడిలో వాడే నీళ్ల రంగు సీసాలు బారులు తీరి ఉన్నాయి.

"ఇవెందుకు వదినా?"

"మా ఎవాకి. వాడికి ఇంతకంటే ఖరీదైంది దండగ" అంది, మెట్టు మీద కూర్చుని డబ్బా విప్పుతూ.

నాకు భయమేసింది. నవ్వూ వచ్చింది. మూత గట్టిగా బిగించినట్టు నోరు మూసుకున్నాను.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మధ్యాహ్నం పరదా దించారు. బ్యాండు వాయించారు, టీవీవాళ్లు వచ్చారు, దోన్యా రొసాల్వాను చక్రాల కుర్చీలో తెచ్చి ముందు పెట్టారు. గోడ మీద మూడంతస్తుల ఎవారిస్తో, తెల్ల చొక్కా చేతులు మడిచి, జనాన్ని కావిలించుకోబోతున్నట్టు. చప్పట్లు మోగాయి. వాడు మైకు పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"నన్ను పెంచింది మా అమ్మ చేతులు. ఫ్యాక్టరీలో కాలిన చేతులు..."

టీలా రొట్టెల దుకాణం ముందు వాకిలి కడిగే పైపు అందుకుంది. కుళాయి తిప్పింది నేనే.

"ఎవా! మొహం కడుక్కోరా!" అని అరిచింది. అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

మొదట మీసం జారింది. తర్వాత ముక్కు, తెల్ల చొక్కా. రంగు నీళ్లు గోడ దిగి, కిందున్న అసలు ఎవారిస్తో బూట్లలోకి పారాయి. వాడి ఛాతీ ఉన్నచోట పడుచు రొసాల్వా బయటికొచ్చింది, పక్కన ఎంకార్నసియోన్, ఆ అరచేతులు. ఎవారిస్తో పైపు లాక్కోబోయి తానూ తడిశాడు. మీద పడిన రంగుతో మాంసం కొట్టుమీది పందిలా గులాబీ రంగు తేలాడు. మంగలి ఫౌస్టీనో ముందు నవ్వాడు. తర్వాత వీధంతా నవ్వింది. ఆ ఫోటోనే మర్నాడు పేపర్లో వచ్చింది. ఎన్నికల్లో వాడు చిత్తుగా ఓడిపోయాడు.

గోడ కడిగిన మర్నాడు పొద్దున్నే ఎవారిస్తో తెల్లరంగు డబ్బాలతో మనుషుల్ని పంపాడు. అప్పటికే రొసాల్వా కుర్చీ గోడకు ఆనించి ఉంది. "నా మీద కూడా వెయ్యండిరా" అంది వాళ్లతో. వాళ్లు వెళ్లిపోయారు. ఆ గోడను ఇంకెవరూ ముట్టలేదు.

టీలా సంతోషంగా దగ్గరికి వెళ్లింది. రొసాల్వా తల ఎత్తలేదు.

"నీ కసి తీరడానికి నా మొహం వాడుకున్నావు కదే."

"వాడుకున్నాను అత్తా."

"వాడు వెధవే. కానీ నా కడుపున పుట్టిన వెధవ. నడివీధిలో నా ముందు కడిగావు. ఇంక మా గుమ్మం తొక్కకు."

చచ్చేదాకా ఆమె టీలాతో మాట్లాడలేదు. రోజూ ఆ గోడ కిందే కూర్చునేది, టీలా వస్తే మొహం తిప్పుకునేది. అది టీలాకు లోపల తగిలింది. రొసాల్వా శవయాత్రకు వెళ్లే ధైర్యం లేక, రోడ్డుకు ఇవతల నిలబడి చూసింది. అయినా ఎవారిస్తో విషయంలో మాత్రం ఇంత కూడా మెత్తబడలేదు. వాడు భవనం అమ్మేసి వేరే ఊరు పోయాడు.

మొన్న టీలా మోకాలి ఆపరేషన్ అయ్యి ఇంట్లో ఉంటే, దోమల జాలీ తలుపు దగ్గర ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"పెద్దవాళ్లం అయిపోయాం అక్కా. జరిగింది మర్చిపోదాం."

"నువ్వు మర్చిపో ఎవా. నీకు అలవాటే" అంది టీలా మంచం మీంచే. "వదినా, తలుపు వెయ్యి. ఈగలొస్తున్నాయి."

వేశాను. వాడు కాసేపు మెట్ల మీదే ఉన్నాడు, తర్వాత కారు వెళ్లిన చప్పుడైంది. పాపం ముసలాడు కదా, ఒక్క మాట అనకపోయావా అన్నాను. బీన్స్‌లో ఉప్పు చాలలేదంది టీలా, మళ్లీ వేయించుకుని తృప్తిగా తింది, సాయంత్రం దాకా పడుకుంది.