చిన్నమామ చేసిన పెట్టెలు

మొన్న అంకిస నుంచి మా ఊరు సిరొంచకు వస్తుంటే మా బస్సు ముందు ఒక జీపు వెళ్తోంది. దాని మీద కొత్త శవపెట్టెను తాళ్లతో కట్టారు. గోధుమరంగు సన్మైకా, రెండు వైపులా మెరిసే స్టీలు పిడులు. పక్క సీట్లో ఉన్నామె దండం పెట్టుకుంది. నాకు మాత్రం మా చిన్నమామ గుర్తొచ్చాడు. ఆ సన్మైకాను ఒకప్పుడు చూసి ఉంటే జీపు ఆపించి మరీ తగాదా పెట్టుకునేవాడు.

మా అమ్మకు తమ్ముడాయన, వడ్రంగి. సిరొంచలో మా క్రైస్తవ కుటుంబాలు కొద్దివే. ఎవరింట చావు జరిగినా పెట్టె ఆయనే చేసేవాడు. చుట్టూ అంత టేకు అడవి ఉన్నా పెట్టెకు టేకు ముట్టేవాడు కాదు. బూరుగు చెక్కే కావాలి, ఇనుప మేకు ఒక్కటీ తగలకూడదు, వెదురు చీలలతోనే బిగించాలి, రంగు పూయకూడదు. "టేకు ఎన్నేండ్లైనా మురగదు. లోపలి మనిషి ఎప్పుడు మట్టిల కలవాలె?" అనేవాడు. సమాధి మీద సిమెంటు వద్దనీ, కానుగ మొక్క నాటమనీ ఇంటింటికీ తిరిగి చెప్పేవాడు. మా పాస్టరుగారికి కూడా ప్రసంగానికి అంత ఓపిక ఉండేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నాలు, చల్లగా ఉంటుందని, సగం అయిన పెట్టెలోనే పడుకుని గుర్రు పెట్టేవాడు. ఒకసారి పాలామె చూసి క్యాను వదిలేసి పరుగెత్తింది. "బతికుండంగనే గా పెట్టెల పండుకుంటవా? లే!" అని మా అత్త చెంబుడు నీళ్లు కుమ్మరించింది.

ఆ అత్త జ్వరంతో పోయినప్పుడు మామ ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పెట్టె తానే చేసి, ప్రాణహిత ఒడ్డున సమాధుల తోటలో ఆమెను పెట్టి, పైన కానుగ మొక్క నాటాడు. రోజూ సాయంత్రం నీళ్లు పోసి, పక్కన కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పేవాడు. ఆకులు కదిలితే జవాబనుకునేవాడు. మొక్క ఆయన భుజం దాటి పెరిగింది.

తర్వాత ఒక వానాకాలం ప్రాణహిత మా వీధుల్లోకి వచ్చింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే సమాధుల తోట నది వైపు సగం లేదు. ఒడ్డు కోసుకుపోయింది. సిమెంటు కట్టించుకున్నవాళ్లకు పడిపోయిన పలకలైనా దొరికాయి. వాటి మీది పేర్లు తడుముకుంటూ ఏడ్చారు. మామ మాట విన్నవాళ్లకు ఏమీ దొరకలేదు. మామ మోకాళ్ల లోతు బురదలో దిగి చేతులతో దేవుతూనే ఉన్నాడు.

"మామా, ఇగ రా. ఏం దొరుకది" అని రెక్క పట్టుకున్నాను.

"జర ఆగు బిడ్డా. ఈడనే ఉండె" అన్నాడు.

అంతలో మా వీధి ముసలమ్మ ఒకామె వచ్చింది. చేతికందిన కొడుకు టీబీతో పోతే, సిమెంటు వద్దని ఆమెను ఒప్పించింది మామే. ఆమె తిట్టలేదు. "నీ మాట ఇంటినయ్యా. నా కొడుకేడి? ఇప్పుడు నేను ఏడ కూసుండి ఏడ్వాలె?" అని అడిగింది. మామ తన బురద చేతులు చూసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన చెక్క నునుపు చేసే రంద పట్టలేదు. పెట్టె కావాలని వచ్చినవాళ్లను, "మంచిర్యాలల తయారువి దొరుకుతయి, పోండ్రి" అని పంపేసేవాడు. సాయంత్రాలు ఒడ్డుకు వెళ్లేవాడు కానీ, ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడి తిరిగొచ్చేవాడు. మంచాన పడ్డాక ఒకటే కోరాడు: "నన్ను రోడ్డు దిక్కు మెరక మీద పెట్టుండ్రి. పైన సిమెంటు పొయ్యుండ్రి. గట్టిగ పొయ్యుండ్రి." అలాగే చేశాం. భార్య పక్కన పెట్టలేదేమని ఒక దూరపు చుట్టం అడిగితే, ఏ పక్కన అని చెప్పాలో మాకు తోచలేదు.

కాలం మనుషుల్ని తీసుకుపోతుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. వాళ్లను తలుచుకునే చోటును కూడా తీసుకుపోతుందని ఎవరూ చెప్పలేదు.