పెట్టకు పడిన శిక్ష

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కోడిపెట్టకు శిక్ష పడింది. తప్పు దానిది కాదు. అరవై ఏళ్లు దాటినా ఆ తీర్పు మీద నా కోపం తగ్గలేదు. ఎవరి మీద కోపమో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

అప్పుడు మేం గజపతినగరం శివారులో ఉండేవాళ్లం. మా మామ్మ, అంటే నాన్నను కన్న తల్లి, పెరట్లో ఎర్రపెట్టను పదకొండు గుడ్ల మీద పొదగేసింది. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే పిల్లలు దిగడం మొదలైంది. ఒక్క గుడ్డులో పిల్ల మాత్రం పెంకుకు చిన్న చిల్లు పొడిచి, లోపల్నించి కీచుమంటూ అక్కడే ఆగిపోయింది. నాకు ఆగబుద్ధి కాలేదు. పాపం, సాయం చేద్దామనుకున్నాను. మామ్మ అవతలికి వెళ్లగానే చీపురుపుల్లతో పెంకు ఒలిచాను. లోపలి పొరలోంచి నెత్తురు ఊరింది. పిల్ల నా అరచేతిలో రెండుసార్లు కాళ్లు చాచి ఊరుకుంది. గబగబా దాన్ని పెట్ట కిందికి తోసేసి, చేతులు లాగుకు తుడుచుకున్నాను.

మామ్మ వచ్చి చూసింది. పెట్టే పొడిచేసిందని తేల్చేసింది. పిల్లను పొడిచిన పెట్టను మా వైపు నమ్మరు, మిగతా పిల్లల్ని దాని దగ్గర ఉంచరు. బతికిన పిల్లల్ని బుట్టలో వేసుకెళ్లి పక్కింటి పిన్ని వాళ్ల పెట్ట కింద కలిపేసింది. పిల్లల ధ్యాస మరవాలని మా పెట్ట ముక్కులో ఈక గుచ్చింది. గుచ్చుతున్నప్పుడు రెక్కలు నా చేతే పట్టించింది. తర్వాత గంప కింద మూసి, పైన రాయి పెట్టింది.

గోడకు అటు పిల్లలు కీచుమంటే ఇటు గంప లేచి పడేది. మధ్యాహ్నం దాకా ఆ గంప చుట్టూనే తిరిగాను. చెప్తే దెబ్బలు తప్పవు, పైగా పిల్లను చంపినవాడని వీధంతా అంటారు. చెప్పకపోతే ఆ చప్పుడు. చివరికి, బియ్యం చెరుగుతున్న మామ్మ ముందుకెళ్లి నిలబడ్డాను.

“మామ్మా, పెట్ట పొడవలేదు. గుడ్డు నానే ఒలిసేసినాను.”

ఆవిడ చేట ఆపలేదు. “మరి ఇందాకట్నించి ఏటి సూస్తన్నావురా? దానికి నోరు లేదు. నీకున్నాది కదా,” అంది.

కొట్టలేదు. లేచి రాయి తీసింది, ఈక లాగింది, పిల్లల్ని తెచ్చి పెట్ట దగ్గర వదిలింది. ఆశ్చర్యపడ్డట్టు మాత్రం కనిపించలేదు. నీకు ముందే తెలుసా అని అడిగాను. గంప దులుపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

తెలిసే చేసుంటే, నాకు బుద్ధి చెప్పడానికి నోరులేని దాని ముక్కులో ఈక గుచ్చడం ఎక్కడి న్యాయం? తెలియకపోతే అంత నెమ్మదిగా ఎలా ఉంది? బడి చదువు అబ్బకపోయినా చేతికందిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. ధర్మం గురించి పెద్దపెద్దవాళ్లు రాసినవీ చదివాను. పెట్ట సంగతి ఒక్కరూ రాయలేదు.

ఇప్పుడు ఈ కాలనీ ఇంటి పెరట్లో మా కోడలు సరదాకి నాలుగు కోళ్లు పెంచుతోంది. మొన్న ఎవరో గూడు తలుపు తీసి వదిలేశారు. కోడలు మనవరాలిని నిలదీస్తుంటే, నేనే తీశానన్నాను. నిజంగా నేనో కాదో నాకే తెలియదు. ఎవర్నైనా అలా నిలబెట్టి అడుగుతుంటే చాలు, ఆలోచించేలోపే ఆ మాట నా నోట్లోంచి వచ్చేస్తుంది.