హెడ్విగ్ గుమ్మానికి కట్టని తోరణం

ఉత్తర జర్మనీలో మా హోలర్‌బ్రూక్ పుట్టి ఏడువందల ఏళ్లయిందని ఊరంతా కలిసి పుస్తకం వేస్తున్నారు. ఇరుగుపొరుగు ఆచారాల గురించి నన్ను రాయమన్నారు. "మా ఊళ్లో పాతికేళ్ల పెళ్లిరోజుకి తోరణం కట్టని గుమ్మం లేదు" అని మొదటి వాక్యం రాశాను. అంతే, చెయ్యి ఆగిపోయింది. అది పచ్చి అబద్ధం. ఆ గుమ్మం మా వంటింటి కిటికీలోంచి రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

అది హెడ్విగ్ కాల్వైట్ ఉండే ఇల్లు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఊరొదిలి పారిపోతూ, తూర్పు ప్రష్యా నుంచి మొగుడు ఎవాల్డ్‌తో గుర్రబ్బండి మీద వచ్చి పడింది. పాలేళ్ల కోసం కట్టిన కొంపలో మా మామగారు వాళ్లకి చోటిచ్చారు. ఎవాల్డ్ మా పశువుల్ని చూసేవాడు. హెడ్విగ్ చిత్తడినేలలో పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డలు తవ్వింది, మా పొలంలో దుంపలు ఏరింది. ఎవరింట పాతికేళ్ల పెళ్లిరోజు వచ్చినా, ఫర్ చెట్టు కొమ్మల తోరణానికి కాగితం గులాబీలు చుట్టేది ఆమే. అంత నాజూగ్గా ఊళ్లో ఇంకెవరికీ చేతకాదు.

1962లో వాళ్ల పెళ్లికీ పాతికేళ్లు నిండాయి. పక్కింటివాళ్లే మిగతా ఇళ్లవాళ్లని పోగేసి తోరణం కట్టాలి. ఆ ఇంటివాళ్లు తమంతట తాము అడగకూడదు. పక్కిల్లు మాదే. నేను కదిపితే, మా అత్తగారు దుంపలు చెక్కుతూ తలెత్తకుండానే అంది.

"ఆ తలుపు మనదేనే గెస్కె. మన తలుపుకి మనమే తోరణం కట్టుకుని మురిసిపోదామా?"

నేనేమీ నోట్లో నాలుక లేనిదాన్ని కాదు. అయినా నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం పాలడబ్బాలు పట్టుకుని వాళ్ల కిటికీ ముందు నుంచే నడిచాను. లోపల బల్ల మీద తెల్లగుడ్డ, సారాయి సీసా, తోరణం కట్టేవాళ్ల కోసం వరసగా గ్లాసులు. ఎవాల్డ్ కోటు తొడుక్కుని కూర్చున్నాడు. నేను తల తిప్పుకుని నడక పెంచాను.

మర్నాడు పొద్దున మా గడప మీద బుట్టెడు గుడ్లున్నాయి. వాళ్లకున్నవి నాలుగు కోళ్లు. నన్ను సిగ్గుపెట్టడానికే పెట్టారనుకున్నాను. ఒళ్లు మండి అన్నీ పందులకి పోశాను. ఆ తర్వాత నా పాతికేళ్ల పెళ్లిరోజుకి గులాబీలు చుట్టింది కూడా హెడ్విగే. అప్పుడూ నేనేమీ అనలేదు.

మొన్న కొమ్మలు కోసి, ఈ మొద్దు చేతులతోనే గులాబీలు చుట్టి, తోరణం భుజానేసుకుని వెళ్లాను. ఎవాల్డ్ పోయి ఇరవై ఏళ్లయింది. హెడ్విగ్‌కి ఎనభై అయిదు.

తలుపు తీసి తోరణం కేసి చూసింది. "ఎవరే ఇవి చుట్టింది? క్యాబేజీల్లా ఉన్నాయి."

"నేనే అక్కా. ఆ రోజు కావాలనే రాలేదు. అది చెబుదామనే వచ్చాను."

"తెలుసులే. నా కిటికీ ముందు నుంచేగా పోయావు." కుర్చీలో మెల్లగా కూర్చుంది. "ఆయనకే తెలీదు. ఎంతసేపటికీ కోటు విప్పడే. చూళ్లేక, నీకు జ్వరమని, అందుకే ఎవరూ రాలేదని చెప్పాను. నమ్మేశాడు. తెల్లారగానే నీ బలానికని గుడ్లు పట్టుకొచ్చాడు. పోయేదాకా అడిగేవాడు, గెస్కె ఆ గుడ్లు తిందంటావా అని."

ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"తిన్నావు కదూ?"

"తిన్నానక్కా" అన్నాను.

పుస్తకంలో ఒక అబద్ధం కొట్టేద్దామని వెళ్లి, ఆ గుమ్మంలోనే ఇంకొకటి చెప్పి వచ్చాను.