అద్దాల బావ పాత పికప్పు

మా చెల్లెలి మొగుణ్ణి అందరూ అద్దాల బావ అంటారు. అంతమందికి బావ ఎలా అయ్యాడో ఆయనకే తెలియదు. కిటికీలకూ దుకాణాలకూ అద్దాలు కోసి బిగించడం ఆయన పని. అంత పదునైన వస్తువుతో బతికే మనిషికి ఇంత పిరికితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి. నడుస్తున్నప్పుడు తన నీడ ముందు పడితే ఆగి దానికి దారి ఇచ్చేవాడు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మెట్లను ఒక్కొక్కటీ కాలితో తట్టి చూసి మరీ ఎక్కాడు. అవి రాతి మెట్లు. ఒకసారి ఇంట్లో పిల్లి తుమ్మితే గ్యాస్ బండ కట్టేసి వీధిలోకి పరిగెత్తాడని నేను నలుగురికీ చెబుతుంటాను. చెల్లెలు ఒప్పుకోదు.

"తుమ్మింది పిల్లి కాదు అన్నయ్యా, నేను" అంటుంది.

అలాంటి మనిషి ఒక పాత పికప్పు కొన్నాడు. అంతవరకూ అద్దాలను తోపుడు బండి మీదే చేరవేసేవాడు. పికప్పు ఇంటి ముందు నిలబడ్డ నాటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు.

"దీన్ని ఇన్నాళ్ళూ ఎవరు ఎలా తోలారో మనకేం తెలుసు బావగారూ? కడుపులో ఏం దాచుకుందో" అనేవాడు, అదేదో ఇంట్లోకి వచ్చిన కొత్త మనిషైనట్టు.

అందుకని దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ మెకానిక్‌ను గ్రీజు అని పిలుస్తారు. పాడయ్యేదాకా ఆగకుండా ముందే అన్నీ మార్చేయమన్నాడు బావ. ఇంజిన్ ఆయిల్ మారింది, ఫిల్టర్లు మారాయి, పగుళ్ళు పడ్డ బెల్టు మారింది. రేడియేటర్లోని తుప్పు నీళ్ళు పోయి కొత్త కూలెంట్ వచ్చింది. టైర్లు బాగానే ఉన్నా మార్చబోతే గ్రీజే వద్దన్నాడు. చివరికి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూశాడు.

"ఇది నల్ల టీలాగుంది అన్నా. మొత్తం తీసేసి కొత్తది పోద్దాం."

"డబ్బా నిండుగానే ఉంది కదా?"

"నిండుగా ఉంటే సరిపోదు. పాతబడింది."

"పైపులు విప్పితే గాలి దూరుతుందంటారు. గాలి దూరితే బ్రేకు పడదంటారు."

"దూరిన గాలిని నేను తీసేస్తాగా."

"కొంచెం మిగిలిపోతే?" అన్నాడు బావ. ముఖం అప్పుడే పాలిపోయింది. "వద్దు తమ్ముడూ. మిగతావన్నీ నీ ఇష్టం. బాగా పడుతున్న బ్రేకు జోలికి మాత్రం వెళ్ళకు."

గ్రీజు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మూత మళ్ళీ బిగుసుకుంది.

బావ పనిచేసే షెడ్డు గుట్ట మీద ఉంటుంది. కింద బజారులో కొత్తగా పెట్టిన చెప్పుల దుకాణానికి గోడంత అద్దం కావాలన్నారు. అంత పెద్ద అద్దం ఆయన ఎప్పుడూ దింపలేదు. బండి వెనక కర్ర చట్రానికి కంబళ్ళు చుట్టి, అద్దాన్ని దానికి ఆనించి తాళ్ళతో కట్టాడు. ముందు సీట్లో చెల్లెలు కూర్చుంది. దారిలో అద్దం చప్పుడు వినడం ఆమె వంతు. కాస్త గీసుకున్నా, కాస్త వణికినా ఆమెకు తెలిసిపోతుంది. నన్ను మాత్రం వెనక్కి ఎక్కించి చేతికి ఒక తాడు కొస ఇచ్చారు. ఆ తాడు దేన్నీ పట్టుకోవడం లేదని తర్వాత తెలిసింది.

దిగుడు మొదలైంది. ఇంకొకరైతే గేరు తగ్గించి ఇంజిన్ పట్టు మీద దిగేవారు. గేరు మారిస్తే బండి కుదుపుతుందనీ, కుదిపితే అద్దం పగులుతుందనీ బావ భయం. అందుకని గేరు కదపకుండా, పసిపిల్ల తల మీద చెయ్యి వేసినట్టు బ్రేకు మీద కాలు మెత్తగా ఆనించి, ఎత్తకుండా దిగుతున్నాడు. బండి నీళ్ళ మీద పడవలా జారుతోంది.

"చప్పుడేమైనా ఉందా?" అని అడుగుతున్నాడు.

"లేదండీ. నిద్రపోతోంది" అంటోంది చెల్లెలు.

కాసేపటికి ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఎవరింట్లోనో ఇస్త్రీ పెట్టె మరిచిపోయారనుకున్నాను. ఒక మలుపు దాటాం, వాసన మాతోనే వచ్చింది. ఇంకో మలుపు దాటాం. అంత పెద్ద ఇస్త్రీ పెట్టె ఎవరింట్లోనూ ఉండదు.

డ్రైవరు సీటు వెనకున్న చిన్న కిటికీలోంచి బావ మెడ కనబడుతోంది. తడిసిపోయి ఉంది.

"బావగారూ" అన్నాడు, చాలా మెల్లగా. "పెడల్ కిందికి పోతోంది."

"తొక్కితే కిందికే కదా పోయేది?"

"పోతోంది గానీ, బండి ఆగడం లేదు."

ఆయన కాలు పెడల్‌ను టపటపా కొడుతున్న చప్పుడు వినబడింది. కొట్టిన ప్రతిసారీ అది దూదిలో దిగినట్టు దిగింది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మా వైపు తల తిప్పేలోపు వెనకబడిపోతున్నారు. కూరగాయల బండి వాడు పక్కకు గెంతాడు. ముందు బడి ప్రహరీ, దాని పక్కన మలుపు, మలుపు కింద బజారు నిండా జనం. చిన్నప్పుడు కాన్వెంటు బడిలో మదర్ నేర్పిన ప్రార్థన తలుచుకుందామంటే నాలుక మీదికి పన్నెండో ఎక్కం వచ్చింది. అదే పైకి చదివాను.

బావ చెయ్యి గేరు రాడ్ మీద ఉంది. కదలడం లేదు.

"మార్చండి" అంది చెల్లెలు.

"మారిస్తే అద్దం..."

"అద్దం పోతే పోనివ్వండి. నేను చెవులు మూసుకుంటాను."

నిజంగానే రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అద్దం చప్పుడు వినననడం అదే మొదటిసారి. బావ అది చూశాడు. గేరు మార్చాడు.

ఇంజిన్ గావుకేక పెట్టింది. బండి ముక్కు నేలకు వంగినట్టయింది, అద్దం కిర్రుమంది. ఇంకో గేరు దించాడు. అద్దం పైనుంచి కిందికి నిలువునా చీలి, ఒక సగం ముక్కలై రాలింది. నేను చట్రానికున్న కంబళి లాక్కుని తల మీద కప్పుకుని బోర్లా పడుకున్నాను. చేతిబ్రేకు కొద్దికొద్దిగా లాగుతున్న కరకర వినబడింది. మలుపు దగ్గర ఎవరో ఇల్లు కట్టడానికి పోయించుకున్న ఇసుక గుట్టలోకి బండి ముక్కు దూర్చి ఆగింది.

మిగిలిన సగం అద్దం అప్పుడు గుర్తొచ్చినట్టు మెల్లగా జారి నా పక్కన పడింది.

చెల్లెలు చెవుల మీంచి చేతులు తీసి బావ భుజం పట్టుకుంది. ఆయన స్టీరింగ్ వదల్లేదు, బ్రేకు మీంచి కాలూ తియ్యలేదు. నేను ఒంటి మీది గాజు పెంకులు దులుపుకుని, నా కాళ్ళూ చేతులూ నావేనని తేల్చుకుని దిగడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు ఆయన అన్నాడు.

"బావగారూ, పెడల్ గట్టిగా ఉంది."

నేనూ తొక్కి చూశాను. రాయిలా ఉంది. ఏ తప్పూ ఎరగని దానిలా ఉంది.

కబురు అందుకుని గ్రీజు వచ్చాడు. చక్రాల దగ్గర చెయ్యి పెట్టబోయి వేడికి వెనక్కి తీసుకున్నాడు. పెడల్ తొక్కాడు, డబ్బా మూత తీశాడు, మూసేశాడు.

"గుట్ట పొడుగునా కాలు ఎత్తలేదు కదా?"

"అద్దం కోసం" అన్నాడు బావ.

"ఈ ఆయిల్ ఏళ్ళ తరబడి తేమ పీల్చుకుంది. అలా తొక్కి పట్టుకుంటే వేడికి లోపల నీళ్ళు మరిగి ఆవిరవుతాయి. అప్పుడు నువ్వు తొక్కేది ఆవిరినే అన్నా, బ్రేకును కాదు. చల్లారాక మళ్ళీ నీళ్ళై బుద్ధిగా కూర్చుంటుంది."

"అంటే గాలి దూరుతుందని నేను భయపడ్డా..."

"అంతకంటే పెద్దది లోపలే ఉంది."

పాత ఆయిల్ తీసేటప్పుడు పెడల్ తానే తొక్కుతానన్నాడు బావ. గ్రీజు బండి కింద పడుకుని "తొక్కు... పట్టుకో... వదులు" అంటుంటే, చక్రం చక్రానికీ నల్లనీళ్ళు పోయి తేనెరంగు ఆయిల్ వచ్చేదాకా తొక్కాడు. అయిపోయిందని గ్రీజు లేచాక కూడా, బుడగ ఏమైనా మిగిలిందేమోనని ఇంకోసారి గాలి తీయించాడు.

దుకాణానికి మళ్ళీ అద్దం కోశాడు. ఈసారి దిగుడు రాకముందే, చదునుగా ఉన్నచోటే ఆగి, మొదటి గేరు వేసి బయలుదేరాడు. చెల్లెలు పక్కన కూర్చుని చెవి వెనక్కి పెట్టింది.

"ఎక్కండి బావగారూ. తాడు పట్టుకోవాలి" అన్నాడు.

"నడిస్తే ఒంటికి మంచిదట" అన్నాను.

బండి వెనకే నడుద్దామనుకున్నాను గానీ కుదరలేదు. అది మరీ మెల్లగా వస్తోంది. బజారు పైన ఆ ఇసుక గుట్ట దగ్గర కూర్చుని ఎదురుచూశాను. చాలాసేపటికి ఇంజిన్ మూలుగు వినబడింది. మలుపులో కనబడ్డ బావ ముఖం భయంతో తెల్లగా ఉంది. చెల్లెలు మాత్రం కిటికీలోంచి తల బయట పెట్టి నాకు చెప్పింది.

"నిద్రపోతోంది అన్నయ్యా."