ఎండిన నూతిలో నడక

యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. కూడబలుక్కుని అబద్ధం రాసే ఓపిక నాకు లేదు. ఇది జరిగింది... చోడవరం అవతల, మా చెరకు తోటలో, మొన్న వేసవిలో.

నూతిలో చుక్క లేదు. ఇంకా లోతుకు తవ్వించకపోతే చెరకు ఎండిపోతుంది. కూలీలు దిగారు. రెండో రోజు బూడిదరంగు బంకమట్టి తగిలింది. అందులో సన్నగా, పొడుగ్గా ఒక ఎముక... పట్టుకుంటే రాయి. మా మనవరాలు ఫోటో తీసి కాలేజీలో లెక్చరర్‌కి పంపింది. కొంగలాంటి నీటిపక్షి కాలు అయ్యుండొచ్చట. మనుషులు లేని కాలంలో ఇక్కడంతా చిత్తడి నేలేనట.

కూలీల మేస్త్రి అప్పన్న పార పడేశాడు. నూతిలో ఎముక దొరికితే కోడిని కొయ్యందే దిగరు.

"పిట్ట ఎముక్కి కోడిని కోత్తావేట్రా? దాని సుట్టాన్ని దానికే పెడతావా?" అన్నాను.

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

"అయితే ఈ రేతిరి నువ్వే ఇక్కడ తొంగో అత్తా. తెల్లారి నీకేటీ అవకపోతే దిగుతాం."

సరే అన్నాను. నూతి పక్కన మంచం వేసుకున్నాను. ఎముక తలగడ పక్కన. వెన్నెల. చెరకు ఆకు కూడా కదలడం లేదు.

అప్పుడు... చప్.

నూతిలోంచి.

మళ్లీ... చప్... చప్... లోతులేని నీళ్లలో ఎవరో కాలెత్తి, ఆగి, మెల్లగా పెడుతున్నట్టు.

నీళ్లెక్కడివి? బెడ్డ విసిరాను. టప్. పొడి మట్టే. కాసేపు ఏమీ లేదు. తర్వాత... చప్. ఈసారి చాలా కాళ్లు.

భయమేసింది. కానీ పారిపోలేదు. తామరతూళ్ల వాసన వచ్చింది... ఎందుకో తొలివానలో తడిసినంత సంతోషం. ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అంతలో నూతిలోంచి రెక్కల చప్పుడు పైకి... పైకి... నా నుదుటి మీది వెంట్రుకలు ఎగిరాయి. తలెత్తితే వెన్నెల తప్ప ఏమీ లేదు.

తెల్లారి అప్పన్న దూరం నుంచే అడిగాడు, ఏమైనా వచ్చిందా అని. లేదంటే సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు.

"వచ్చేయిరా. బోల్డు. రేతిరంతా నూతిలో నీల్లమీద నడిసేయి. నీటిపిట్టలు నీల్లు లేని కాడ నడుత్తాయేట్రా? దిగు."

వాడు నన్ను చూశాడు. నూతిని చూశాడు. చొక్కా విప్పి దిగాడు.

మధ్యాహ్నానికి కింద నుంచి కేక. ఊట పడింది. ఆ బురద ఒకరి మీద ఒకరం చల్లుకున్నాం, నేను కూడా.

మట్టి కింద ఊరే నీరే ఆ చప్పుడు చేసిందంటుంది మనవరాలు. మరి ఆ రెక్కల చప్పుడో? నాకు తెలియదు. ఇప్పటికీ కొన్ని రాత్రులు మోటారు కట్టేసి నూతి గట్టున చెవి ఒగ్గి కూర్చుంటాను... ఏమీ వినబడదు.

ఇంకొక్కసారి అలా భయపడాలని ఉంది నాకు.