యాకోబు పేరు మీద నేను వేసిన టెండరు

ఎనిమిదేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది వీపు మీది బస్తా లాంటిదనుకోకండి. బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించి చెమట తుడుచుకోవచ్చు. ఇది చెప్పులో దూరిన కంకర పలుకు. కూర్చుంటే తెలియదు, నడిస్తే తెలుస్తుంది. ఈ మధ్య కూర్చున్నా తెలుస్తోంది.

పేరు చెప్పను. జనగామ వాణ్ణి. ముప్పయ్యేళ్లు ప్రభుత్వ పనులు చేసిన కాంట్రాక్టర్ని. మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా ఉన్న వంతెనల్లో సగం నేను కట్టినవే. ఇదిగో, అప్పుడే మొదలుపెట్టాను. సగం కాదు. మూడు. వాటితో పాటు కొన్ని కల్వర్టులు, చాలా బడి ప్రహరీలు. చాయ్ హోటల్లో కూర్చుంటే నా మూడు వంతెనలు పదమూడు అవుతాయి, నేను ఎదిరించిన ఇంజనీర్లు చీఫ్ ఇంజనీర్లయిపోతారు. వినేవాళ్లకు తెలుసు, నాకూ తెలుసు, అందరం నవ్వుకుంటాం. నోటితో పెంచితే ఎవరికీ నష్టం లేదు. నేను ఒకసారి కాగితం మీద పెంచాను. దాని గురించే ఈ రాత.

యాకోబు గురించి చెప్పాలి. అసలు పేరు వేరు. జఫర్‌గఢ్ మండలం వాడు. తండ్రి మేస్త్రీ, తనూ మేస్త్రీ. నా దగ్గర పదేళ్లు గోడలు కట్టాడు. చేతిలో తాపీ ఉంటే చాలు, దారం కట్టకుండానే గోడ నిలువుగా లేపేవాడు. నలభై దాటాక సొంతంగా కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు, అన్నిటికంటే కింది తరగతిలో. వాళ్ల వాడలో మొదటివాడు. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు ఆ సర్టిఫికెట్టు మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడని చెప్పుకుని మురిసిపోయాడు. మోటారు సైకిలు నంబరు ప్లేటు మీద చిన్న అక్షరాలతో ‘గవర్నమెంట్ కాంట్రాక్టర్’ అని రాయించుకున్నాడు. నేను ఎగతాళి చేశాను. నా కారు మీద అంతకంటే పెద్ద అక్షరాలతో ఉండేది.

అప్పటికి టెండర్లన్నీ కంప్యూటర్లోకి పోయాయి. పెట్టెలో కవర్లు వేసే కాలం పోయింది. ప్రతి కాంట్రాక్టరుకూ వేలెడంత డిజిటల్ కీ ఒకటి ఉంటుంది. దాన్ని కంప్యూటరుకు పెట్టి పాస్‌వర్డ్ కొడితే సంతకం చేసినట్టే. చేత్తో చేసిన సంతకానికీ దానికీ చట్టం ముందు తేడా లేదు. కానీ మా చిన్న కాంట్రాక్టర్లకు అది సంతకమని ఎన్నడూ అనిపించలేదు. బీరువా తాళం చెవి ఇంకొకరికి ఇవ్వడానికి పదిసార్లు ఆలోచించేవాళ్లు, ఈ కీని మాత్రం నమ్మకమున్న ఒకరి దగ్గర పడేసేవాళ్లు. జనగామలో ఆ నమ్మకమున్న ఒకడిని నేను. ఏడుగురి కీలు నా టేబుల్ సొరుగులో ఉండేవి. ఎవరిది ఏదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టాను. పాస్‌వర్డులు లోపలి మూత మీద రాసి అతికించాను. రిజిస్ట్రేషన్లో ఇచ్చిన ఫోన్ నంబరూ, మెయిలూ కూడా నావే. వాళ్లకు ఏ టెండరు కావాలంటే అది నేనే వేసి పెట్టేవాణ్ణి. దానికి పైసా తీసుకోలేదు. మంచితనమనుకునేవాణ్ణి. కొంత మంచితనమే. ఏడుగురి సంతకాలు నా సొరుగులో ఉన్నాయన్న గర్వం ఎంత?

జిల్లాలు విడిపోయిన కొత్తలో చిట్యాల దగ్గర ఒక వాగు మీద వంతెన పని పిలిచారు. నాకు కావాలనిపించింది. మిగతావాళ్లతో మాట్లాడాను, అందరూ మేం వేయం అన్నారు. అక్కడే చిక్కు. మొదటి పిలుపులో ఒక్క టెండరే వస్తే సాధారణంగా రద్దు చేసి మళ్లీ పిలుస్తారు. రెండోసారి ఎవడొస్తాడో తెలియదు. కాబట్టి నాకు తోడుగా ఇంకొకటి కావాలి, నాకంటే ఎక్కువ రేటుకు, ఓడిపోవడానికి. దాన్ని మేం డమ్మీ అంటాం. అది నేరమే. ఇద్దరు కూడబలుక్కుని పోటీ ఉన్నట్టు చూపించడం చట్టం ఒప్పుకోదు. కానీ మా దగ్గర డమ్మీ అడగడం పెళ్లికి కుర్చీలు అడగడం లాంటిది. అడిగితే ఇస్తారు. యాకోబును అడిగినా ఇచ్చేవాడేమో.

అడగలేదు. ఆఖరి రోజు. మిగిలింది రెండు గంటలు. సొరుగు తీస్తే పచ్చ దారం కీ పైనే ఉంది. జఫర్‌గఢ్ బడి గదుల టెండరు కోసం అతను వారం కిందట ఇచ్చి పోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. డమ్మీ అయినా అర్హత కాగితాలు సరిపోవాలి, లేకపోతే రేటు తెరిచి చూడరు, మళ్లీ నేను ఒంటరినే. అంత వంతెన పనికి అంతకు ముందు అలాంటి పని చేసిన అనుభవం చూపాలి. యాకోబు గంగారం అడవి దారిలో ఒక కల్వర్టు కట్టాడు. నీళ్లు పోయే ఖానాలు రెండున్నది. వానల్లో నెల రోజులు అక్కడే గుడారం వేసుకుని కట్టాడు. ఇంజనీరు మెచ్చుకుని సర్టిఫికెట్టు ఇచ్చాడు. అతనికున్న ఒకే ఒక్క అనుభవం సర్టిఫికెట్టు అది. దాని నకలు నా దగ్గరుంది. ఆ రెండును ఆరు చేశాను. కల్వర్టును వంతెన చేశాను. విలువ ముందు ఒక అంకె చేర్చాను. టెండరుతో కట్టాల్సిన ధరావతు సొమ్ముకు నా సొంత డబ్బుతో అతని పేర డీడీ తీసి జత చేశాను. పచ్చ దారం కీ పెట్టాను. పాస్‌వర్డ్ వాళ్లమ్మ పేరు. కొట్టాను.

భయం వేసిందా అని ఇన్నేళ్లలో చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. వేయలేదు. ఎందుకంటే మాలో అందరికీ ఒక నమ్మకం ఉంది. గెలిచినవాడి సర్టిఫికెట్లే, నిజమైనవో కావో చూడమని, వాటిని ఇచ్చిన ఆఫీసుకు పంపుతారు. ఓడినవాడివి ఎవరూ చూడరు. ముప్పయ్యేళ్లలో ఎవరూ చూడలేదు. డమ్మీ వేసిన కాగితం మళ్లీ వెలుగు చూడదు.

ఆ ఏడాది కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు. అతను ఇద్దరివీ పంపాడు.

నావి సరైనవని జవాబు వచ్చింది. నా సర్టిఫికెట్లు నిజమైనవే, నేను నిజంగానే వంతెనలు కట్టాను, మూడు. యాకోబుది మాత్రం, పని చేసిన మాట నిజమే కానీ ఇందులో రాసినంత పని కాదు అని వచ్చింది. యాకోబు ఇంటికి రిజిస్టరు పోస్టులో నోటీసు పోయింది. మిమ్మల్ని ఎందుకు బ్లాక్ లిస్టులో పెట్టకూడదో చెప్పండి అని. ఇంగ్లీషులో.

మధ్యాహ్నం పూట వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, కాగితం నాలుగు మడతలు విప్పి ఇచ్చాడు.

“అన్నా, గిది ఏందో జర చూడు. మా ఊళ్లె సారుకు చూపిచ్చిన. చిట్యాల కాడ దొంగ సర్టిఫికెట్ పెట్టినవట గదా అన్నడు. నేను చిట్యాల మొగమన్న చూసిన్నా?”

చదివాను. చదవడం అయిపోయాక కూడా కళ్లు కాగితం మీదే ఉంచాను.

“కూసో. చాయ్ తాగు.”

“చాయ్ తర్వాత తాగుత. నా కీ నీ దగ్గర్నే ఉండె గదా. ఏమన్న తప్పు జరిగిందా?”

“కంప్యూటర్ల ఏదో గడ్‌బడ్ అయినట్టున్నది. నీ బడి టెండరు కాయితాలు దీంట్ల కలిసినట్టున్నయి.”

“మరి గదే రాద్దాం. నాకేం తెల్వదని రాద్దాం.”

“తెల్వదంటే పోలీస్ కేసు దాంక పోతది యాకోబూ. కీ నీది, సంతకం నీది. ఎవడు నమ్ముతడు? పొరపాటైంది, మాఫ్ చెయ్యుండ్రి అని రాసిస్తే వార్నింగ్ ఇచ్చి ఇడిసిపెడ్తరు. గిసొంటియి ఎన్ని చూడలే నేను.”

“చెయ్యంది చేసిన్నని రాయాల్నా?”

“రాసేది నేను. నువ్వు సంతకం వెడ్తె అయిపాయె.”

నవ్వాడు. “నువ్వు రాస్తె ఉరిశిక్ష గూడ ప్రమోషన్ ఆర్డర్ లెక్క కనవడ్తదన్నా. రాయి.”

రాశాను. ఇంగ్లీషులో, ఒక పేజీ. నా జీవితంలో నేను రాసిన ఉత్తరాల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఆదాయం తక్కువ ఉన్న మనిషిననీ, ఆశపడి అంకెలు మార్చాననీ, మళ్లీ చేయననీ రాశాను. మొదటిసారి చదివినప్పుడు నాకే అతని మీద జాలి వేసింది. అతను తెలుగులో సంతకం పెట్టాడు. ఏం రాశానో చదివి చెప్పమనలేదు. అడిగి ఉంటే ఏం చదివేవాణ్ణి?

వార్నింగ్ ఇస్తారని నేను నిజంగా నమ్మానా? సగం నమ్మాను. మిగతా సగంలో నాకు తెలుసు. అతను తెలియదని జవాబిస్తే విచారణకు పిలుస్తారు. పిలిస్తే కీ ఎవరి దగ్గరుందని అడుగుతారు. అడిగితే నా పేరు వస్తుంది. నా పేరు వస్తే వంతెన పోతుంది, నా రిజిస్ట్రేషన్ పోతుంది, ఫోర్జరీ కేసు అవుతుంది. ఆ ఉత్తరం అతణ్ణి కాపాడడానికి రాయలేదు. విచారణ జరగకుండా రాశాను.

అయిదేళ్లు బ్లాక్ లిస్టు. ధరావతు జప్తు. ఆఫీసు బోర్డు మీద అతని పేరు, తండ్రి పేరు, ఊరు. కొన్నాళ్లకు వేరే పని మీద కలిసిన ఒక వకీలుతో, ఎవరిదో సంగతి అన్నట్టు చెప్పి చూశాను. అతను తప్పు ఒప్పుకోకుండా ఉండాల్సింది, తన కీ ఇంకొకరి దగ్గర ఉందని రుజువు చేస్తే హైకోర్టులో ఆ ఉత్తర్వు నిలబడేది కాదేమో, ఒప్పుకున్నాక ఇంకేం వాదిస్తాం అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. నేను తలూపాను.

వంతెన పని నాకు వచ్చింది. ఇక్కడ రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను. ఆ వంతెనకు యాకోబును మేస్త్రీగా పెట్టుకున్నాను. వేరే పని లేదు అతనికి. పిలవగానే వచ్చాడు. వంతెన చివర్ల రెండు పక్కలా మట్టిని ఆపే రెక్క గోడలు అతనే కట్టాడు. జనగామలో కాంట్రాక్టర్లంతా నన్ను మెచ్చుకున్నారు. బ్లాక్ లిస్టయినవాణ్ణి కూడా వదిలిపెట్టలేదు, మనిషంటే వీడే అన్నారు. నేను కాదనలేదు. ఇంకొంచెం కలిపి చెప్పాను. వాడి కోసం హైదరాబాద్ దాకా పోయి పెద్ద ఆఫీసరు టేబుల్ మీద గుద్ది అడిగానని. పోలేదు. గుద్దలేదు.

అతను మళ్లీ కాంట్రాక్టరు కాలేదు. అయిదేళ్లు గడిచాక రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోమన్నాను, చేయించుకోలేదు. వాడలో ఇప్పటికీ కాంట్రాక్టర్ యాకోబు అంటారు, కానీ ఆ పిలుపులో నవ్వు ఉంటుంది. చర్చిలో సంఘ పెద్దల్లో ఒకడుగా ఉండేవాడు, ఆ ఉత్తర్వు వచ్చిన నెలలోనే తప్పుకున్నాడు. ఎవరూ తప్పుకోమనలేదట. తన సంతకంతో మోసం చేశానని రాసి ఉన్న కాగితం ఒకటి ప్రభుత్వం దగ్గర ఉండగా ప్రభు భోజనపు గిన్నె పట్టుకోలేనన్నాడట. అది విన్న రోజు నేను అన్నం తిన్నాను. మామూలుగానే తిన్నాను. ఆ సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు.

ఇప్పుడెందుకు చెప్తున్నానని మీరు అడగాలి. నేనూ అడుగుతున్నాను. నా రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయింది, నేను మళ్లీ చేయించుకోలేదు. మోకాళ్లు పోయాయి. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని వయసులో ఒప్పుకోవడం ఒప్పుకోవడమేనా? తెలియదు. పేరు లేకుండా రాయడం పిరికితనం. అదీ తెలుసు. కానీ ఆ ఆఫీసు వాళ్లు ఇది చదివితే మూడో పేరాకల్లా నేనెవరో పట్టేస్తారు. యాకోబు అంతవరకు కూడా ఆగడు. తెలుగు తప్పుల్లేకుండా చదువుతాడు. ఆ ఉత్తరం నేనెందుకు రాశానో అతనికి ఇప్పుడు తెలుస్తుంది. నా ఇంటికి వస్తే తలుపు తీస్తాను. తిడితే వింటాను. కేసు పెడితే, కీ నా దగ్గరే ఉందని, నేనే వాడానని చెప్తాను. రాకపోతే, అసలు చదవకపోతే, నేనే పోవాలి. పోతానని రాయలేను. పోతానని చాలాసార్లు అనుకున్నాను.

రెండును ఆరు చేసింది నేను. కీ పెట్టింది నేను. అతనితో తప్పు ఒప్పించింది నేను. ఈ మూడు వాక్యాలు రాయడానికి పొద్దున్నుంచి ఇప్పటిదాకా పట్టింది. చాలా అలసటగా ఉంది. కానీ చాలా రోజుల తర్వాత ఊపిరి కడుపు దాకా పోయినట్టుంది.

పంపే ముందు మొదటి నుంచి ఒకసారి చదువుకున్నాను. సంతకం పెట్టేటప్పుడు యాకోబు కళ్ల నీళ్లు పెట్టుకున్నాడని ఒకచోట రాశాను. పెట్టుకోలేదు. ఆ వాక్యం కొట్టేశాను. సంతకం పెట్టి, చల్లారిన చాయ్ తాగి, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, నువ్వు లేకుంటే ఏమయ్యేటోణ్ణో అన్నా అని వెళ్లిపోయాడు. అంతే జరిగింది.