అందరికీ ఓటడిగిన మునిరాజ

తొంభై ఐదులో గుడుపల్లె మండలంలోని తన పంచాయతీకి సర్పంచిగా నిలబడినప్పుడు మునిరాజకు ఇరవై ఎనిమిదేళ్లు. కుప్పం నుంచి మైకు సెట్టు బాడుగకు తెచ్చి, జీపు ముందు సీట్లో కూర్చుని తన ఓట్లు తానే అడుక్కున్నాడు. నడివీధిలో తెలుగు, పైవూర్లో కన్నడం, చెరువు కిందిళ్లల్లో అరవం. మూడూ నోట్లోంచి నీళ్లలా వచ్చేవి. అయినా పదకొండు ఓట్లతో ఓడిపోయినాడు. గెలిచింది చింతపండు వ్యాపారం చేసే శంకరప్ప.

"ఆ పొద్దు గెలిచుంటే ఈపాటికి ఎమ్మెల్యే అయిపోయుండేవాడు" అని ఊర్లో అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఓడినాక మైకు సెట్టు తిరిగిచ్చేదానికి కుప్పం పోతే అంగడి యజమాని మునిస్వామి కూర్చోమన్నాడు.

"ఓడితే ఓడినావులేప్పా. నీ గొంతు మాదిరి గొంతు నాకు యాడా దొరకలేదు. నాతో వస్తావా?"

మరుసటేడు పార్లమెంటు ఎన్నికలొచ్చినాయి. ఎవరో అభ్యర్థికి మైకు పట్టిన మొదటిరోజు "మీ అమూల్యమైన ఓటు మన మునిరాజకే" అనేసినాడు. డ్రైవరు జీపు ఆపి మరీ నవ్వినాడు. మునిరాజ నవ్వలేదు. గొంతు సవరించుకుని సరైన పేరు చెప్పినాడు.

ఆపైన అదే బతుకైంది. జాతరలు, పోలియో చుక్కలు, గొర్రెలకు టీకాలు, మదనపల్లెలో కొత్త బట్టలంగళ్లు. ఎన్నికలొస్తే కుప్పంలో ఒక పార్టీకి, పుంగనూరులో దాని పగపార్టీకి. ఒక ఊర్లో ఒకరికే అడగాలన్నది మాత్రం ఆయన పెట్టుకున్న కట్టు. ముఖం తెలియనోళ్లు కూడా గొంతు విని "మునిరాజ వచ్చినాడు" అనేవాళ్లు.

రెండువేల ఒకటిలో మళ్లీ పంచాయతీ ఎన్నికలొస్తే శంకరప్పే ఇంటికొచ్చినాడు.

"నన్ను ఓడించిన మనిషివి. నీకు నేనడగాల్నా?" అన్నాడు మునిరాజ.

"నువ్వడిగితే ఇంగెవురూ నా మీద మాట్లాడర్రా. అందుకే వచ్చినా."

మునిరాజ అడిగినాడు. శంకరప్ప ఈసారి సునాయాసంగా గెలిచినాడు. భార్య కల్పన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు అన్నం పెడతా, "నీ మీద నువ్వే ఇంగోసారి ఓడిపోయినావు" అనింది.

రెండువేల ఆరులో రిజర్వేషన్‌తో పంచాయతీ ఆడవాళ్లకు వచ్చింది. మహిళా సంఘం నడిపే కల్పనను నిలబడమని పెద్దలొచ్చినారు. ఆమె ఒప్పుకుంది. వాళ్లు పోయినాక మొగుడితో చెప్పింది.

"నువ్వు మైకు ముట్టుకోవద్దు."

"యాల?"

"నీ గొంతు అందరిదీ అయిపోయిండాది. వింటే బాడుగకి పిలిపించినారనుకుంటారు. నేను నడిచే అడుగుతా."

మునిరాజకు తగలాల్సిన చోటే తగిలింది. అయితే ఆమె మాటలో తప్పు కనబడలేదు. పుంగనూరు పక్క పల్లెల్లో పోలింగు తర్వాతి విడతలో ఉండటంతో, అక్కడ ఎవరికో అడిగే పని ఒప్పుకుని బస్సెక్కినాడు. కల్పన సంఘం ఆడవాళ్లతో గడపగడపా తిరిగింది.

ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రం ఆయన జీపులో, మాట మధ్యలో ఉన్నాడు. సెల్లు మోగింది. మైకు ఆపి విన్నాడు. ఎనభై నాలుగు ఓట్ల మెజారిటీ.

"ఏమైందన్నా?" అన్నాడు డ్రైవరు.

"మా ఇంట్లో గెలిచిండాది."

మైకు మళ్లీ వేసి, ఆ వీధి చివరిదాకా పుంగనూరాయనకే ఓటడిగినాడు.

మరుసటిరోజు ఊరు చేరేసరికి ఇంటిముందు జనం. పక్కింటి అంజమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కూర్చోవాల్సిన కుర్చీ గదప్పా. కష్టంగా లేదా?"

"ఉండాదమ్మా కొంచెం" అన్నాడు మునిరాజ. "కానీ ఆయమ్మకి పడినన్ని ఓట్లు నాకు ఏ పొద్దూ పడలేదే."

లోపలినుంచి కల్పన కేకేసింది. పైవూర్లో బోరు మోటారు కాలిపోయిందంట, మెకానిక్కును పిలుచుకు రమ్మంది. ఆయన చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగినాడు.